పసిబిడ్డ నుంచి ఐదో తరగతి దాకా మాంటిస్సోరి పద్ధతి: తిరుపతి, చిత్తూరు తల్లిదండ్రులకు

తిరుపతిలోనైనా చిత్తూరులోనైనా ఇళ్ల మధ్య వెలసిన చిన్న బడుల బోర్డుల మీద 'మాంటిస్సోరి' అనే మాట తరచుగా కనిపిస్తుంది. ఆ పేరు పెట్టుకోవడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు కనుక, మూడేళ్ల పిల్లలను వరుస బల్లల మీద కూర్చోబెట్టి ఏబీసీడీలు వల్లె వేయించే బడికి కూడా ఆ బోర్డు ఉండవచ్చు. అసలు పద్ధతి ఏమిటో తెలిసిన తల్లిదండ్రులు బడిని సరిగా ఎంచుకోగలరు, మంచి బడి అందుబాటులో లేకపోతే ఇంట్లోనే చాలా భాగం చేసుకోగలరు. ఈ రెండు పనులకూ ఉపయోగపడేలా ఈ వ్యాసం రాశాను.

మరియా మాంటిస్సోరి 1870లో ఇటలీలో పుట్టిన వైద్యురాలు. 1907 జనవరి 6న రోమ్ నగరంలోని శాన్ లొరెంజో అనే పేదల పేటలో, తల్లిదండ్రులు కూలికి వెళ్లిన తర్వాత చూసేవారు లేని పిల్లల కోసం ఆమె మొదటి 'బాలల గృహం' తెరిచారు. ఇది డబ్బున్నవాళ్ల చదువు అనుకునేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. 1939లో దివ్యజ్ఞాన సమాజం (థియోసాఫికల్ సొసైటీ) పిలుపు మీద ఆమె మద్రాసు అడయారుకు వచ్చి ఉపాధ్యాయులకు శిక్షణ మొదలుపెట్టారు. అంతలో రెండో ప్రపంచ యుద్ధం ముదిరింది, ఇటలీ పౌరురాలు కావడంతో ఆమె ఇక్కడే ఉండిపోవలసి వచ్చింది. యుద్ధకాలంలో కొంతభాగం కొడైకెనాల్‌లో గడిపి, ఆరేళ్లు దాటిన పిల్లల చదువును అక్కడే విస్తరించారు. మదనపల్లెలో 1915లో కళాశాల పెట్టినది కూడా ఆ దివ్యజ్ఞాన సమాజం వారే కాబట్టి, ఈ చదువు మన ప్రాంతానికి మరీ పరాయిదేమీ కాదు.

ఈ పద్ధతిలో పెద్దవారి పని మూడు మాటల్లో చెప్పవచ్చు: అమర్చడం, చూపించడం, పక్కకు తప్పుకోవడం. మొదటి రెండూ మన ఇళ్లలో ఎవరైనా చేస్తారు, మూడవదే కష్టం. కింద చెప్పేవన్నీ ఆ మూడవ పనిని సులువు చేయడానికే.

ఏడాది నుంచి మూడేళ్ల దాకా

ఈ వయసులో కొనవలసిన సామాను దాదాపు ఏమీ లేదు, మార్చవలసింది ఇల్లే. బిడ్డ చేతికి అందే ఎత్తులో ఒక కొక్కెం, ఒక చిన్న అర, చేతులు కడుక్కోవడానికి కుళాయి కింద ఒక గట్టి పీట ఉంటే సగం ఏర్పాటు అయినట్టే. నేల మీది పరుపు మీద పడుకోబెట్టడాన్ని మాంటిస్సోరి ఇళ్లలో ప్రత్యేకంగా చెప్పుకుంటారు, మన వైపు చాప పరిచి పడుకునే అలవాటు ఉన్న ఇంటికి అది కొత్త సంగతి కాదు. అరలో బొమ్మలు గంప నిండా పోయకుండా, ఒక్కొక్కటి విడిగా కనిపించేలా ఐదారు వస్తువులు మాత్రమే ఉంచాలి. మిగిలినవి అటక మీద పెట్టి, బిడ్డ ఒకదాన్ని ముట్టుకోవడం మానేసినప్పుడు దాన్ని తీసి మరొకటి పెట్టాలి. మూతలున్న డబ్బాలు, గుడ్డ మడతలు, చెంచాలు, పెద్ద బోల్టు నట్టు, ఇవన్నీ ఈ వయసులో మంచి పనిముట్లే.

తినిపించడం విషయంలో అవ్వాతాతలతో కొంత చర్చ తప్పదు. బిడ్డ తానుగా తింటే సగం నేలపాలవుతుందనీ, కడుపు నిండదనీ వారి బాధ. దానికి మధ్యే మార్గం ఏమిటంటే, ఆకలి బాగా వేసిన పూట మొదటి పది నిమిషాలు బిడ్డ చేతికే ముద్ద వదిలి, ఆ తర్వాత అవ్వను తినిపించమనడం. రాగిసంగటి చిన్న ఉండలుగా చేసి పెడితే అన్నం కంటే చేతికి బాగా చిక్కుతుంది. కొద్ది వారాల్లో ఆ పది నిమిషాలు వాటంతట అవే పెరుగుతాయి.

మాటలు పోగయ్యే కాలం కూడా ఇదే. బువ్వ, లాల, జోజో అనే ముద్దుమాటలు మానేయాలని నేను చెప్పను. అయితే వాటితో పాటు వస్తువుల అసలు పేర్లు కూడా బిడ్డ చెవిన పడాలి. కూరగాయల సంచి దించినప్పుడు 'ఇది ఎర్రగడ్డ, ఇది తెల్లగడ్డ, ఇది ఉర్లగడ్డ' అని ఒక్కొక్కటి చేతికిచ్చి, వాసన చూడనిచ్చి, పేరు నిదానంగా చెప్పాలి. నగరి, పుత్తూరు వైపు తెలుగూ తమిళమూ రెండూ మాట్లాడే ఇళ్లు చాలా ఉన్నాయి. అలాంటి ఇంట్లో తల్లి ఒక భాషలోనూ, అవ్వ మరొక భాషలోనూ మాట్లాడినా ఈ వయసు పిల్లలు రెండింటినీ ఇముడ్చుకుంటారు. బూచివాడు వస్తాడని భయపెట్టి పని చేయించడం మాత్రం మానుకోవాలి.

రెండు జాగ్రత్తలు. మూడేళ్ల లోపు బిడ్డకు చింతపిక్కలు, పూసలు, శనక్కాయ పప్పుల వంటి చిన్న వస్తువులు ఇవ్వకూడదు, గొంతుకు అడ్డం పడతాయి. నీళ్లున్న బక్కెట్టు దగ్గర ఒక్క నిమిషం కూడా ఒంటరిగా వదలకూడదు.

మూడు నుంచి ఆరు: ఒక పనిని చూపించే తీరు

మాంటిస్సోరి గదిలో మొదట కనిపించేవి అక్షరాలు కావు, నిత్యజీవితపు పనులు: వంపడం, తుడవడం, బొత్తాలు పెట్టుకోవడం, ఆకులు కడగడం, పూలు అమర్చడం. వీటి వల్ల చెయ్యి కుదురుతుంది, మొదలుపెట్టిన పనిని చివరిదాకా చేయడం అలవడుతుంది, రాయడానికి కావలసిన వేళ్ల పట్టు కూడా ఇక్కడే వస్తుంది. చూపించే తీరు తెలియడానికి ఒక్క పనినే పూర్తిగా చెబుతాను.

గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల పాత్రల అంగళ్లలో మూతి ఉన్న చిన్న జగ్గులు రెండు, పిల్లల చేతికి సరిపోయేవి కొనండి. ఒక ట్రేలో వాటిని ఎడంగా పెట్టి, ఎడమవైపు జగ్గులో సగం దాకా కందిబేడలు పోయండి. బిడ్డకు కుదురుగా వచ్చాక బేడల బదులు నీళ్లు, ట్రేలో ఒక చిన్న స్పాంజీ ముక్క. ట్రేను మీరే రెండు చేతులతో తెచ్చి, బిడ్డ మీకు ఎడమ పక్కన ఉంటే మీ కుడి చెయ్యి చేసే పని అడ్డు లేకుండా కనబడుతుంది గనుక, మీరు బిడ్డకు కుడివైపు కూర్చోండి. కుడిచేత్తో పిడి పట్టుకోండి, ఎడమచేతి వేళ్లను జగ్గు కిందుగా ఆనించండి. జగ్గును లేపి, దాని మూతిని రెండవ జగ్గు నడుమకు తెచ్చి, ఒక్క క్షణం ఆగండి. తర్వాత నిదానంగా వంపండి. చివరి చుక్క రాలేదాకా వేచి ఉండండి. జగ్గు చప్పుడు కాకుండా కింద పెట్టి, ట్రే మీద పడ్డ ఒక చుక్కను వేలితో చూపించి, స్పాంజీతో అద్దండి. ఇప్పుడు అదే పని రెండవ జగ్గు నుంచి మొదటి దానికి.

ఇంత సేపూ మీరు ఒక్క మాట కూడా మాట్లాడకూడదు. బిడ్డ చూపు మీ చేతి మీద ఉండాలి, నోరు మొదలుపెడితే చూపు ముఖం మీదికి వస్తుంది. పని అయ్యాక 'నువ్వు చేస్తావా?' అని అడిగి, లేచి కొంచెం దూరంగా కూర్చోండి. నీళ్లు ఒలికితే దిద్దకండి, ఒలికిన నీళ్లే చెబుతాయి. స్పాంజీ ఉన్నది అందుకే. తప్పును వస్తువే చూపించాలి గాని పెద్దవాళ్లు కాదన్నది ఈ పద్ధతిలోని చాలా సామగ్రికి వెనుక ఉన్న ఆలోచన. బాగా చేసిన ప్రతిసారీ చప్పట్లు కొట్టి, 'సెబాష్' అని ఫోన్‌లో వీడియో తీస్తే, బిడ్డ నీళ్ల కోసం కాక చప్పట్ల కోసం వంపుతుంది. ఒకే పనిని పదేపదే చేస్తున్నప్పుడు 'చాల్లే, ఇంకొకటి చేద్దువు' అనడం అన్నిటికంటే నష్టం చేసే మాట.

ఇదే తీరులో అరటిపండు మొద్దు కత్తితో ముక్కలు కోయడం, బఠాణీ కాయలు వలవడం, ముగ్గు గిన్నె పట్టుకోవడం, గుడ్డ పిండి ఆరవేయడం, గుమ్మం దగ్గర చెప్పులు జతలుగా పెట్టడం చూపించవచ్చు. మన వంటింట్లో స్టీలు ఎక్కువ కనుక అన్నీ పగలనివే అవుతాయి, ఒక్క పింగాణీ కప్పయినా బిడ్డ చేతికి ఇవ్వండి. పగిలే వస్తువును పట్టుకునే తీరు వేరుగా ఉంటుంది, దాన్ని మాటలతో నేర్పలేము.

ఇంద్రియాలకు సంబంధించిన సామగ్రిలో అందరికీ తెలిసింది గులాబిరంగు గోపురం: ఒక సెంటీమీటరు నుంచి పది సెంటీమీటర్ల దాకా పక్కకొలత ఉన్న పది ఘనాలు. దీన్ని ఇంటికి కొనడం తప్పనిసరి కాదు. గరుకు, నునుపు, బరువు, తేలిక, వాసనలు, రంగుల ఛాయలు వంటివి ఇంట్లోని వస్తువులతోనే చూపించవచ్చు. పేరు చెప్పే పద్ధతి మాత్రం తెలుసుకోవాలి, ఎందుకంటే తర్వాత అక్షరాలకూ అంకెలకూ అదే వాడతాము. మొదట రెండు వస్తువులు తాకించి 'ఇది గరుకు', 'ఇది నునుపు' అని చెప్పాలి. కొంతసేపటికి 'గరుకుది ఏది, చూపించు', 'నునుపుది నా చేతికి ఇవ్వు' అని అడగాలి. ఈ రెండవ మెట్టు మీద ఎక్కువసేపు ఆడాలి. చివరగా ఒకదాన్ని చూపి 'ఇది ఎలా ఉంది?' అనాలి. బిడ్డ చెప్పలేకపోతే తప్పు అనకుండా ఆపేసి, మరొక రోజు మొదటి మెట్టు నుంచి మొదలుపెట్టాలి.

తెలుగు అక్షరాలు ఎలా ఇవ్వాలి

మాంటిస్సోరి పేరుతో దొరికే పుస్తకాలూ సామగ్రీ ఎక్కువగా ఇంగ్లీషు అక్షరాలకు చేసినవి కావడంతో, తెలుగు దగ్గరకు వచ్చేసరికి చాలా బడులు అ, ఆ, ఇ, ఈ అని పాత వరుసకే వెళ్లిపోతాయి. నా ఉద్దేశంలో ఇది పెద్ద లోటు, సరిచేసుకోవడం కష్టమూ కాదు.

అక్షరం కంటే ముందు ధ్వని. మూడేళ్లు దాటిన బిడ్డతో వంటింట్లో కూర్చుని, 'నాకు 'క'తో మొదలయ్యేది ఒకటి కనిపిస్తోంది' అంటే, కవ్వమో, కడాయో, కరివేపాకో బిడ్డ వెతుకుతుంది. కొన్ని నెలలు ఈ ఆట ఆడాక అక్షర రూపం చూపించాలి. హార్డ్‌వేరు అంగట్లో దొరికే సన్నరకం ఉప్పుకాగితం మీద అక్షరాన్ని పెద్దగా గీసి, కత్తిరించి, నున్నటి అట్ట మీద అతికించండి. చూపుడువేలు, నడిమివేలు కలిపి, రాసే దిశలోనే దాని మీద నడిపిస్తూ ఆ ధ్వని పలకాలి. అక్షరాభ్యాసం నాడు పళ్లెంలో బియ్యం పోసి బిడ్డ వేలు పట్టుకుని దిద్దించేది కూడా ఈ పనే, కాకపోతే మనం దాన్ని ఆ ఒక్క రోజుతో వదిలేస్తాము. ఆ బియ్యపు పళ్లేన్ని తర్వాత కూడా అరలో ఉంచి, ఉప్పుకాగితం మీద తాకిన అక్షరాన్ని బియ్యంలో గీయనివ్వండి.

ఒక పూటకు రెండు అక్షరాలు చాలు, అవి రూపంలోనూ ధ్వనిలోనూ ఒకదానికొకటి దూరంగా ఉండాలి. 'గ', 'మ' కలిపి ఇవ్వవచ్చు. 'ప', 'వ' లేదా 'ద', 'డ' ఒకేసారి ఇస్తే బిడ్డ తడబడుతుంది. గ, త, ల, వ, ప, డ, న, క వచ్చేసరికి తల, వల, నగ, పలక, పడవ, గడప అనే మాటలు చేతికి వస్తాయి. యాభైఆరు అక్షరాలూ పూర్తయ్యేదాకా మాటల కోసం ఆగడంలో అర్థం లేదు.

తర్వాతది విడి అక్షరాల పెట్టె. హల్లులను ఎర్ర అట్టలో, గుణింతపు గుర్తులను నీలం అట్టలో కత్తిరించాలి. మన లిపిలో ఒక మెలిక ఉంది కాబట్టి తలకట్టును కూడా హల్లు నుంచి వేరుచేసి, నీలం ముక్కగానే కత్తిరించండి. 'క'కు గుడి పెట్టాలంటే తలకట్టు తీసి ఆ చోట గుడి పెట్టాలి, కొమ్ము పెట్టాలంటే తలకట్టు అలాగే ఉంటుంది. ఇది ఎవరూ చెప్పకుండానే బిడ్డ చేతులతో కనిపెడుతుంది. ట, జ, బ, ల, ణ, ఖ వంటి అక్షరాలకు తలకట్టే లేదు కనుక వాటి గుణింతాన్ని రెండో విడతలో ఇవ్వండి. మ, య గుణింతాలలో రూపాలు ప్రత్యేకంగా మారతాయి, వాటిని అతికించిన పూర్తి ముక్కలుగా చేసి పెట్టుకోవడం మేలు. వత్తులు అన్నిటికంటే చివర.

పెన్సిలు ఇంకా పట్టలేని నాలుగున్నరేళ్ల బిడ్డ ఈ ముక్కలతో నేల మీద 'దోస', 'నాన', 'తాత' అని పేర్చగలదు. 'నాన' అని పేర్చినప్పుడు వత్తు లేదని దిద్దవద్దు, వినిపించిన ధ్వనిని పేర్చింది, ప్రస్తుతానికి అది చాలు. పేర్చడం ముందు, చదవడం తర్వాత. చదువు రాలేదని ఈ దశలో కంగారు పడేవారే ఎక్కువ, ఆ కంగారుతోనే కాపీ పుస్తకాలు మొదలవుతాయి.

అంకెలు

ఎర్ర, నీలం రంగుల కర్రల వరుస ఒకటి వడ్రంగి చేత చేయించుకోవచ్చు: పది సెంటీమీటర్ల కర్ర నుంచి మీటరు కర్ర దాకా పది కర్రలు, ప్రతి పది సెంటీమీటర్లకూ రంగు మారాలి. 'ఏడు' అంటే నోటితో లెక్కించే ఏడు మాటలు కాక చేతితో మోసే ఒకే పొడవు అని బిడ్డకు తెలుస్తుంది. ఆ తర్వాత పది గడుల పెట్టె. గడుల మీద 0 నుంచి 9 దాకా అంకెలు రాసి, సరిగ్గా 45 పుల్లలు ఇవ్వండి. ఒక్కో గడిలో దాని అంకెకు తగినన్ని వేస్తూ పోతే చివరికి ఒక్కటి కూడా మిగలకూడదు, తక్కువ పడకూడదు. మిగిలితే ఎక్కడో తప్పిందని పుల్లలే చెబుతాయి. సున్నా గడి ఖాళీగా ఉండిపోవడం చూసి పిల్లలు నవ్వుతారు, సున్నా అర్థమైనట్టే.

పదుల స్థానానికి పూసలు వాడతారు: విడి పూస ఒకటి, తీగకు గుచ్చిన పది, పది తీగలు కలిపిన నూరు పలక, పది పలకలు పేర్చిన వెయ్యి ఘనం. ఒకట్లు, పదులు, నూర్లు మాత్రం ఇంట్లో గుచ్చుకోవచ్చు. తెలుగులో ఇరవై ఒకటి మొదలు తొంభై తొమ్మిది దాకా పేరులోనే పదులూ ఒకట్లూ విడివిడిగా వినిపిస్తాయి గనుక, ఈ లెక్కను తెలుగులో ముందు చెబితే పిల్లలు త్వరగా అందుకుంటారు.

బడిని చూడడానికి వెళ్లినప్పుడు

ప్రాస్పెక్టస్ పక్కన పెట్టి, పని జరుగుతున్న సమయంలో ఒక అరగంట గదిలో మూలన కూర్చోనిస్తారా అని అడగండి. ఒప్పుకోకపోతే మరొక బడి చూసుకోవడం మంచిది. కూర్చున్నాక, మూడు, నాలుగు, ఐదేళ్ల పిల్లలు ఒకే గదిలో ఉన్నారా లేక నర్సరీ, ఎల్‌కేజీ, యూకేజీ అని విడిగా ఉన్నారా చూడండి. వయసులు కలవకపోతే పెద్దపిల్లలను చూసి చిన్నపిల్లలు నేర్చుకునే అవకాశం పోతుంది. ఉదయం రెండున్నర, మూడు గంటలు గంట మోగకుండా ఏకధాటిగా పని సాగుతుందా, సామగ్రి అద్దాల బీరువాలో ఉందా లేక తెరిచిన అరల్లో పిల్లలకు అందుతోందా, ఉపాధ్యాయురాలు గది మొత్తానికి వినిపించేలా మాట్లాడుతున్నారా లేక ఒక్కొక్క బిడ్డ పక్కన కూర్చుని చూపిస్తున్నారా గమనించండి. ముప్పైమంది పిల్లలు ఉన్నారని వెనకాడనక్కరలేదు, ఈ పద్ధతిలో అది సాధారణమే. ఉపాధ్యాయులు ఎక్కడ, ఎంతకాలం శిక్షణ పొందారో మొహమాటం లేకుండా అడగండి. వారాంతపు వర్క్‌షాపుకు వెళ్లి వచ్చినవారికీ, పూర్తి డిప్లొమా చేసినవారికీ తేడా గదిలో కనిపిస్తుంది. హోంవర్కు, ర్యాంకులు, చేతి మీద నక్షత్రం ముద్రలు ఉంటే బోర్డు మీద ఏమున్నా అది మామూలు బడే.

'ఒకటో తరగతికి ఎలా తట్టుకుంటాడు?' అనే ప్రశ్న ప్రతి ఇంట్లోనూ వస్తుంది. 2020 జాతీయ విద్యావిధానం మూడు నుంచి ఎనిమిదేళ్ల దాకా ఒకే పునాది దశగా చూస్తూ, రెండో తరగతి దాకా ఆటలూ పనుల ద్వారానే బోధన సాగాలని చెబుతోంది. మామూలు బడికి మారే పిల్లలకు బోర్డు చూసి వేగంగా రాయడం ఒక్కటే మొదట్లో ఇబ్బందిగా ఉంటుంది, చేరే ముందు వేసవిలో రోజుకు పావుగంట సాధన చేయిస్తే సరిపోతుంది. చాలామంది యూకేజీ మధ్యలోనే మాన్పించి తీసుకెళ్తారు. మూడేళ్ల చక్రంలో మూడవ ఏడే అంతకు ముందు చేసినదంతా చదువుగా, లెక్కగా బయటపడే ఏడు గనుక, వీలైనంతవరకు ఆ ఏడు పూర్తి చేయనివ్వండి.

ఆరు దాటాక

ఆరేళ్లు దాటిన బిడ్డ 'నేనే చేస్తాను' అనడం తగ్గించి 'ఎందుకు?' అనడం మొదలుపెడుతుంది. ఏది న్యాయం, ఏది అన్యాయం అని తగువులాడుతుంది, స్నేహితులు లేకుండా ఉండలేదు. మాంటిస్సోరి ఈ వయసుకు ఐదు పెద్ద కథలతో చదువు మొదలుపెట్టమన్నారు: విశ్వం, ప్రాణం, మనిషి, రాత, అంకెలు ఎలా వచ్చాయి అన్నవి. విజ్ఞానం, చరిత్ర, భూగోళం ఆ కథల నుంచి కొమ్మలుగా వస్తాయి.

దీన్ని చూపించడానికి తిరుపతిలో ఉన్నంత సౌకర్యం చాలా ఊళ్లలో లేదు. తిరుమల ఘాట్ రోడ్డు పక్కన కొండ కోతలో కింద పాత గ్రానైటు, దాని మీద పొరలు పొరలుగా క్వార్ట్‌జైటు కనిపిస్తాయి. ఆ రెండు రాళ్ల వయసుల మధ్య దాదాపు 80 కోట్ల ఏళ్ల ఎడం ఉందని భూగర్భ శాస్త్రజ్ఞులు చెబుతారు. కొండ మీది శిలాతోరణం రాళ్లు దాదాపు 150 కోట్ల ఏళ్ల నాటివి. ఈ అంకెలు నోటితో చెబితే పిల్లలకు ఏమీ అందదు. 46 మీటర్ల దారం తీసుకుని, మీటరుకు పది కోట్ల ఏళ్లు అనుకుంటే, దారం మొత్తం భూమి వయసు అవుతుంది. వీధిలో దాన్ని పరిచి, చివరి నుంచి వెనక్కి కొలవమనండి. శిలాతోరణం రాయి 15 మీటర్ల దగ్గర, డైనోసార్లు అంతరించింది 66 సెంటీమీటర్ల దగ్గర, మన మనుషుల జాతి పుట్టింది చివరి మూడు మిల్లీమీటర్లలో. ఆ మూడు మిల్లీమీటర్లను స్కేలు మీద చూసుకున్న పిల్లవాడు అడిగే ప్రశ్నలకు వారం రోజులు సరిపోవు. అన్నిటికీ మీరే జవాబు చెప్పనక్కరలేదు, 'ఎక్కడ తెలుసుకోవచ్చు?' అని తిరిగి అడగండి.

అలా అడిగిన ప్రశ్న వెంట బయటికి వెళ్లడం కూడా ఈ వయసు చదువులో భాగమే, అయితే బడివారు బస్సు పెట్టి తీసుకెళ్లే విహారయాత్రకూ దీనికీ తేడా ఉంది. ఇద్దరు ముగ్గురు పిల్లలు తమ ప్రశ్నకు జవాబు ఎక్కడ దొరుకుతుందో తేల్చుకుని, ఏర్పాట్లు తామే చేసుకోవాలి. అలిపిరి దగ్గరి ప్రాంతీయ విజ్ఞాన కేంద్రమో, జంతు ప్రదర్శనశాలో, చంద్రగిరి కోటో ఎంచుకున్నారనుకుందాం. తెరిచే వేళలు ఫోన్ చేసి కనుక్కోవడం, బస్సు ఎక్కడ ఆగుతుందో అడగడం, మనిషికి ఎంత ఖర్చవుతుందో కూడి రాసుకోవడం, నీళ్లూ చిరుతిండీ సర్దుకోవడం వారి పని. తోడు వెళ్లే పెద్దవారు డబ్బు పిల్లల చేతికే ఇచ్చి, టికెట్టు దగ్గర వెనుక నిలబడాలి. చిల్లర తప్పుగా వస్తే అడగవలసింది పిల్లలే. బస్సు తప్పిపోతే తర్వాతి బస్సు ఎప్పుడో కనుక్కోవలసిందీ వారే.

మామూలు బడిలో చదివే పిల్లలకు కూడా నెలకు ఒక ఆదివారం ఇది చేయవచ్చు. సోమవారం సాయంత్రం ఒక నోటు పుస్తకంలో ఆ వారం తాను చేయదలచిన మూడు పనులు పిల్లవాడే రాసుకుని, శనివారం మీతో కూర్చుని ఏవి అయ్యాయో, ఏవి ఎందుకు కాలేదో చూసుకుంటే, తర్వాతి ఆదివారం ఎక్కడికి వెళ్లాలన్నది చాలాసార్లు ఆ పుస్తకంలోనే దొరుకుతుంది.